వార్డు గాలిని టిష్యూ పట్టీతో చూడండి

నేను మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఒక చలికాలం దోమలకు భయపడి రాత్రిళ్లు కిటికీలన్నీ మూసేశాం. మూల మంచం తాతగారికి ఫ్లూ. నాలుగు రోజుల్లో ఎదురు వరసలో ఇద్దరికి జ్వరం. వాళ్లు ఆయన దగ్గరికి కూడా వెళ్లలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అప్పటి నుంచి డ్యూటీ ఎక్కగానే టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి కిటికీ దగ్గర, తలుపు దగ్గర, మంచాల మధ్య పట్టుకుని చూస్తాను. పొగతో గాలిని చూద్దామని ఆక్సిజన్ ఉండే చోట అగరుబత్తి వెలిగించకూడదు. పట్టీ కదలకపోతే అక్కడ గాలి నిలిచిపోయినట్టే. ఎదురెదురు కిటికీలు తెరవండి, దోమలకు మెష్ కొట్టించండి. దగ్గేవారి మంచం గాలి బయటికి పోయే వైపు ఉండాలి, లోపలికొచ్చే వైపు కాదు. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. సహజ గాలి మీద ఆధారపడే వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి కావాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

దగ్గే రోగికి, ఊపిరికి ఇబ్బంది లేకపోతే, సర్జికల్ మాస్కు. మనకు ఎన్95: పై పట్టీ నడినెత్తిన, కింది పట్టీ చెవుల కింద మెడ మీద. ముక్కు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లకు గాలి తగిలితే మళ్లీ సర్దుకోండి.