పాత మెర్సిడెస్ డీజిల్‌లో ఆయిల్ కూలర్ హోస్‌లు మార్చడం

మెర్సిడెస్ డబ్ల్యూ123 బాడీ 300డి మోడల్‌లో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ నుంచి, ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్లే రెండు హోస్‌ల చివర్లో ఆయిల్ చెమరుస్తుంటే వాయిదా వేయకండి, దారిలో పగిలిందంటే ఆయిలంతా రోడ్డు పాలు, ఆ వెనకే ఇంజిన్ కూడా. ఆయిల్ మార్చే రోజే ఈ పని పెట్టుకోండి.

హోస్ నట్లకు ముందురోజే పెనిట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న నట్లను వదులు చేసేది) కొట్టి నాననివ్వండి. అసలు టెన్షన్ కూలర్ దగ్గరే: అది అల్యూమినియం, మొండిగా తిప్పితే మరలు పోయి కూలరే కొనాల్సొస్తుంది, అందుకని ఒక స్పానర్‌తో కూలర్ వైపు ఫిట్టింగ్ కదలకుండా పట్టుకుని రెండోదానితో హోస్ నట్ తిప్పండి. అప్పటికీ రాకపోతే హోస్ కోసేసి, కూలర్ బయటకు తీసి కుస్తీ పట్టండి.

కొత్తవి ముందు చేత్తోనే ఎక్కించండి, మెలిపడకుండా చూసుకోండి. థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కితేనే తెరుచుకునే వాల్వ్) తెరుచుకుంటేగానీ కూలర్‌లోకి ఆయిల్ సరిగా వెళ్లదు కాబట్టి, బండి బాగా వేడెక్కేదాకా నడిపాకే లీకులు చూడండి, ఇంజిన్ ఆపి కాసేపాగి ఆయిల్ లెవెల్ కూడా.