సందూకలో పాత రివాల్వర్ దొరికితే ఏం చూడాలి, ఎలా చూడాలి

పరకాల వైపో జనగామ వైపో పాత గడి విప్పుతున్నప్పుడు, లేకపోతే తాత పోయాక ఆయన సందూక సర్దుతున్నప్పుడు, అడుగున తోలు సంచిలో ఒక రివాల్వర్ బయటపడుతుంది. నాకు ఫోన్ చేసే వాళ్లు ముందు అడిగేది ఒక్కటే, "అన్నా, ఎంత వస్తది?" ధర సంగతి తర్వాత. ముందు దాన్ని తుడవకండి, ట్రిగ్గర్ నొక్కకండి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

దాంట్లో మందు ఉందనే అనుకోండి. 1850ల నాటి రివాల్వర్లలో మందు, గుండు సిలిండర్ ముందు వైపు నుంచి కూరేవాళ్లు, వెనక చిన్న చిన్న మొలకల్లాంటి వాటి మీద, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే టోపీలు పెట్టేవాళ్లు. అలాంటిది వెనక నుంచి చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది, లోపల మాత్రం వందేళ్ల నాటి మందు ఇంకా ఉండొచ్చు. ఖాళీ చేసే పని లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరుకే వదిలేయండి.

ఇక లైసెన్సు. "వందేళ్లు దాటింది, యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు" అనే మాట మన దగ్గర బాగా తిరుగుతుంది, అది తప్పు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాత నమూనాదైనా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా సరే, రిపేరు చేసినా కాల్చడానికి పనికిరాని వాటికే. అది పనికొస్తుందో లేదో తేల్చేది మీరూ నేనూ కాదు, అధికారులు. లైసెన్సు ఉన్నాయన చనిపోతే వారసులు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి, ఆ తర్వాతే తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. దొరికిన దానికి అసలు కాగితాలే లేకపోతే ముందు ఒక వకీలును కలిసి, రాతపూర్వకంగా తెలియజేసి అప్పగించండి. టెన్షన్ పడి బావిలో పారేయకండి, మినహాయింపు వస్తుందని ఇంట్లోనే గొట్టానికి డ్రిల్లు కొట్టించకండి.

2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే కొత్తగా సేకరించాలనుకునే వాళ్లకు నా సలహా, తుపాకీ కంటే దాని చుట్టూ ఉండే వాటిని వెతకండి. పాత హోల్‌స్టర్లు, ఖాళీ చెక్కపెట్టెలు, డీలర్ల కేటలాగులు, రద్దయిన లైసెన్సు కాగితాలు, వీటిలో దొరికే చరిత్ర ఏమీ తక్కువ కాదు.

వయసు లెక్కకట్టేటప్పుడు ఇంట్లో చెప్పే కథ పక్కన పెట్టి ఇనుము మీద అక్షరాలు చదవండి. మంచి వెలుతురు, ఒక భూతద్దం చాలు. ఇంగ్లండ్‌లో తయారైన వాటికి ప్రూఫ్ ముద్రలు ఉంటాయి, అంటే మందు దట్టించి పరీక్షించాక కొట్టే గుర్తులు. కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అక్షరాలు కనబడితే అవి 1904 నుంచి వాడిన బర్మింగ్‌హామ్ ముద్రలు. "మా ముత్తాతకు 1870లో నిజాం దొరవారు ఇచ్చారు" అని కథ ఉండి, ముద్ర మాత్రం ఎన్‌పీ అయితే కథ ఎక్కడో దారి తప్పిందన్నమాట. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ ఉంటే అది బెల్జియంలోని లీజ్ నగరం ముద్ర, ఆ గుడ్డు మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది.

ఇండియాలో బాగా తిరిగింది వెబ్లీ అనే ఇంగ్లండ్ కంపెనీ రివాల్వర్, మధ్యలో విరిచి తెరిచే రకం. బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకున్న మార్క్ 1కు పిడి పక్షి తలలా వంగి ఉంటుంది, 1915లో వచ్చిన మార్క్ 6కు పిడి చదరంగా, గొట్టం ఆరు అంగుళాలు ఉంటుంది. ఈ రెండూ .455 రకం, మన దగ్గర అది నిషిద్ధ బోర్ (చట్టం మామూలుగా అనుమతించని గుండు కొలత) కిందికి వస్తుంది కాబట్టి మామూలు లైసెన్సు సరిపోదు. గొట్టం మీద మాంటన్, రాడ్డా లాంటి కలకత్తా దుకాణాల పేర్లు ఉంటే అది అమ్మిన వాళ్ల పేరు, తయారు చేసిన వాళ్లది కాదు. ఆఫ్ఘన్ సరిహద్దులోని దర్రా ఆదమ్‌ఖేల్‌లో చేత్తో చేసిన నకళ్లు కూడా ఉన్నాయి, వాటిలో అక్షరం తిరగబడటమో స్పెల్లింగ్ తప్పడమో కనిపిస్తుంది.

విలువ దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువ సేపు చూసేది పైపూతను. అసలు నీలం పూత అక్కడక్కడ పోయి గోధుమ రంగులోకి తిరిగినా పర్వాలేదు, మళ్లీ పూసిన దానికంటే అదే మేలు. మళ్లీ పూసిన దాన్ని పట్టుకోవడం కష్టం కాదు, అక్షరాల అంచులు కరిగినట్టు ఉంటాయి, మూలలు గుండ్రంగా అయిపోతాయి, మెరుపు కింద తుప్పు గుంటలు కనిపిస్తాయి, స్క్రూల తలల మీది గాడులు నలిగి ఉంటాయి. ఫ్రేమ్ మీద నంబరు, సిలిండర్ మీద నంబరు కలవాలి, కలవకపోతే ఎప్పుడో భాగం మార్చారని అర్థం, ధర బాగా పడిపోతుంది. పిడి చెక్క అరిగిపోయి ఇనుము మాత్రం కొత్తగా ఉన్నా, ఇనుము అరిగి చెక్క కొత్తగా ఉన్నా అనుమానించండి. అసలు ముక్కలు ఎలా ఉంటాయో కంటికి అలవాటు కావాలంటే ఒక రోజు హైదరాబాద్ వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది తీరిగ్గా చూసి రండి.

మా చుట్టాల్లో ఒకాయన, లైసెన్సు అన్నీ సక్రమంగా ఉన్న మనిషి, అమ్మే ముందు మెరవాలని ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమి, పైన గరుకు కాగితం రుద్దాడు. ముద్రలన్నీ పోయాయి. అది ఏ ఏడాదిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాగితాలు మాత్రం వదలొద్దు. నిజాం కాలం లైసెన్సు ఉర్దూలో ఉంటుంది, తేదీ ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం దాదాపుగా వస్తుంది, అంటే 1350 ఫసలీ అంటే 1940-41. ఉర్దూ చదవొచ్చిన పెద్దమనిషి హనుమకొండలోనో వరంగల్‌లోనో దొరుకుతారు, కూర్చోబెట్టి చదివించుకోండి. కాగితం మీద నంబరు, ఇనుము మీద నంబరు ఒకటైతే, సాదా వెబ్లీ కూడా సేకరించే వాళ్లకు అపురూపమే.

దాచేటప్పుడు తోలు సంచిలో నుంచి తీసేయండి, తోలు తేమ పట్టి ఇనుమును తింటుంది. నూలు చేతి తొడుగులతో పట్టుకుని, తుపాకీ నూనె పలుచగా రాయండి, కొబ్బరినూనె వద్దు, అది జిగురై పేరుకుంటుంది. దసరాకు ఆయుధ పూజ చేస్తే తడి పసుపు, కుంకుమ ఇనుము మీద కాకుండా పెట్టె మీద పెట్టండి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, బతుకమ్మ నాటికి ఒకసారి మార్చండి.