కొత్త డెవలపర్లకు ఇంటిగ్రేషన్ నేర్పాలంటే ముందు చెడగొట్టడం నేర్పండి

కర్నూలులో కొత్తగా చేరే పిల్లలకు ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్, అంటే వేర్వేరు ప్రోగ్రామ్‌ల మధ్య సమాచారం చేరవేసే సాఫ్ట్‌వేర్, నేర్పడం నా పని. ఎక్కువమందికి జావా వస్తుంది, కాస్త పని పట్టుబడగానే బెంగళూరు బండెక్కుతారు. మీ ఆఫీసులో ఈ పని మీ నెత్తిన పడితే, టూల్ స్క్రీన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. టూల్ మ్యూల్‌సాఫ్ట్‌ది అయినా, ఐబీఎంది అయినా బాక్సులు లాగి గీతలు కలపడం ఒక పూటలో వచ్చేస్తుంది. అంతటితో పని వచ్చేసిందనుకుంటారు. గీత తెగిన రోజు ఏం చేయాలో తెలియడమే అసలు పని.

మొదట బోర్డు మీద ఆదోని పత్తి యార్డు గీయిస్తాను. ఊహించుకున్న యార్డే లెండి. కాటా, బిల్లింగ్, అకౌంట్స్, గోడౌన్ స్టాక్, బ్యాంకు చెల్లింపులు, రైతుకు ఎస్ఎంఎస్: మొత్తం ఆరు సాఫ్ట్‌వేర్లు. ప్రతిదాన్నీ మిగతా వాటితో నేరుగా కలపమంటే 15 గీతలు వస్తాయి. ఏడోది చేరిస్తే 21. మధ్యలో అన్నీ వచ్చి కలిసే హబ్ ఒకటి పెడితే ఏడోదానికి ఒక్క గీత చాలు. హబ్ పడిపోతే అన్నీ పడిపోతాయన్నదీ అప్పుడే చెప్పేయండి, దాచొద్దు.

మెసేజ్‌లు తమ వంతు కోసం ఆగే క్యూ గురించి చెప్పేటప్పుడు బస్టాండులో పార్సిల్ ఆఫీసు గుర్తుచేస్తే చాలు. ఆదోనిలో పెట్టె ఇచ్చి రసీదు తీసుకున్నవాడు, కర్నూలులో దాన్ని ఎవరో అందుకునేదాకా అక్కడే నిలబడడు.

ప్రాక్టీసుకు నేను రాబిట్ఎంక్యూ, అపాచీ క్యామెల్ వాడతాను. మొదటిది క్యూలు నడిపే బ్రోకర్, రెండోది మెసేజ్ ఏ రూట్‌లో పోవాలో రాయడానికి. రెండూ ఓపెన్ సోర్సు, లైసెన్సు గొడవ లేదు. స్ప్లిటర్ (మెసేజ్‌ను ముక్కలు చేసేది), అగ్రిగేటర్ (ముక్కలను కలిపేది), రౌటర్ (దారి ఎంచేది) లాంటి క్యామెల్ మాటలు డబ్బు పెట్టి కొనే టూల్స్‌లోనూ దాదాపు అవే. కాటా నుంచి జేసన్ ఫార్మాట్‌లో ఒక మెసేజ్ బయల్దేరి బిల్లింగ్‌కు చేరేలా ఒక రూట్ రాయించండి. చేరిందని పిల్లలు సంబరపడుతుండగానే బిల్లింగ్ ఆపేయండి.

"యాడికి పోయింది సార్?" అని అడుగుతారు. జవాబు చెప్పొద్దు. రాబిట్ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీ తెరిపించండి, మామూలుగా 15672 పోర్టులో ఉంటుంది. రెడీ అన్న కాలమ్‌లో ఆగి ఉన్న మెసేజ్‌ల అంకె పెరుగుతుండటం వాళ్లే చూస్తారు. తర్వాత బ్రోకర్‌నే రీస్టార్ట్ చేయించండి. క్యూ డ్యూరబుల్‌గా (రీస్టార్ట్ తర్వాతా మిగిలేలా) ఉన్నా మెసేజ్‌ను పర్సిస్టెంట్‌గా (డిస్క్ మీద రాసేలా) పంపకపోతే, క్యూ మిగులుతుంది, అందులో సరుకు ఉండదు. ఖాళీ క్యూ చూసినవాడు ఆ సెట్టింగ్ మళ్లీ మర్చిపోడు.

ఇంకో మెట్టు ఎక్కించండి. బిల్లు డేటాబేస్‌లో పడ్డాక, మెసేజ్ అందిందని బ్రోకర్‌కు అక్నాలెడ్జ్‌మెంట్ పంపేలోపు బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను చంపేయాలి. మళ్లీ లేపితే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది, ఒకే లాట్‌కు రెండు బిల్లులు. లాట్ నంబర్ చూసి, ఇదివరకే వచ్చిందైతే పక్కన పెట్టే కోడ్ అప్పుడు రాయించండి. ఐడెంపొటెన్సీ అనే నోరు తిరగని పేరు ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు.

బరువు ఉండాల్సిన చోట "రెండు" అని అక్షరాల్లో ఉన్న మెసేజ్ పంపితే చెల్లని మెసేజ్‌లను పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూ ఎందుకో తెలుస్తుంది. అవతలి సర్వర్ నుంచి 503 (ఇప్పుడు అందుబాటులో లేను) వస్తే కాసేపాగి మళ్లీ పంపొచ్చు. 400 (పంపిందే తప్పు) వస్తే ఎన్నిసార్లు పంపినా అదే జవాబు. ఈ తేడా లేకుండా గుడ్డిగా రీట్రై పెట్టే కోడ్‌ను నేనైతే రివ్యూలో దాటనివ్వను.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ డేటా మ్యాపింగ్‌కు, అంటే ఒక సిస్టమ్ సమాచారాన్ని ఇంకోదానికి అర్థమయ్యేలా మార్చడానికి, ఇవ్వండి. కాటా కిలోల్లో పంపుతుంది, ధర క్వింటాలుకు ఉంటుంది. 04/05 అంటే ఒక సిస్టమ్‌కు మే 4, ఇంకోదానికి ఏప్రిల్ 5. ఊరి పేర్లయితే మన జిల్లాలంత మంచి పాఠం ఎక్కడా దొరకదు. ఇంగ్లీషులో కడప స్పెల్లింగ్ 2005లో మారింది, పాత మాస్టర్ జాబితాల్లో ఇప్పటికీ పాత స్పెల్లింగే తగులుతుంది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. మరి 2021 నాటి నంద్యాల రైతు బిల్లులో ఏ జిల్లా చూపించాలి? పిల్లలను వాదించుకోనివ్వండి. నా మటుకు పాత బిల్లు పాత జిల్లాతోనే ఉండాలి, మ్యాపింగ్ టేబుల్‌లో తేదీ కాలమ్ ఉండి తీరాలి.

తెలుగు పేర్లు కూడా పంపించి చూడండి. కర్నూలు అన్న మాట కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో ఏడు కోడ్ పాయింట్లు (గుణింతం గుర్తులతో సహా విడి భాగాలు), యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. అవతలి ఫీల్డు 20 బైట్లదైతే చివరి కొమ్ము మధ్యలో తెగి, పక్కన ఏదో పిచ్చి గుర్తు పడుతుంది, లేదా మెసేజ్ మొత్తం ఎర్రర్ అవుతుంది. ఇంగ్లీషు పేరు ఏడు బైట్లే కాబట్టి టెస్టింగ్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది.

పరీక్షకు ప్రశ్నపత్రం అక్కర్లేదు. మీరే ఎక్కడో ఒకచోట చెడగొట్టి, ప్రోగ్రామ్‌లు జరిగింది జరిగినట్టు రాసుకునే లాగ్స్ చేతికిచ్చి, ఫలానా లాట్ ఎక్కడ ఆగిందో చెప్పమనండి. ప్రతి మెసేజ్‌కూ కోరిలేషన్ ఐడీ (అన్ని సిస్టమ్‌లలోనూ దాని వెంట వెళ్లే గుర్తింపు) పెట్టినవాడు తొందరగా పట్టుకుంటాడు, పెట్టనివాడు టైమ్ చూసుకుంటూ ఆరు లాగ్ ఫైళ్లు తిరగేస్తాడు. ఇది దాటినవాళ్లకే కంపెనీ టూల్ లైసెన్సు ఇవ్వండి. ప్రొడక్షన్‌లో (అసలు పని నడిచే సిస్టమ్‌లో) డెడ్ లెటర్ క్యూ నుంచి మెసేజ్‌లు తిరిగి పంపే అనుమతి మాత్రం అప్పుడే వద్దు. కొన్నాళ్లు పక్కన సీనియర్ కూర్చుని చూస్తుండగానే ఆ బటన్ నొక్కాలి.