కిడ్నీ పేషెంటుకు మెదడులో రక్తస్రావం అయితే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో వాంతులు. వీటిలో ఏది కనబడినా ముందు టైము చూసి రాసుకోండి. మనిషి ఆఖరుగా బాగా ఉన్నది ఎప్పుడో అదీ రాయండి. ‘డయాలసిస్ చేసుకొచ్చిన నీరసంలే, పడుకుంటే సర్దుకుంటుంది’ అనుకోవద్దు. నీరసం ఒక్క చేతికే రాదు.

నోట్లో ఏమీ వేయకండి. మంచినీళ్లయినా, బీపీ మాత్రయినా మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్షవాతమని ఆస్పిరిన్ వేయడం మరీ ప్రమాదం. నరం పూడుకుందో చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సిటీ స్కాన్, న్యూరోసర్జన్, డయాలసిస్ మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ వారి రాణిపేట ఆసుపత్రి దగ్గర. వేరేచోటికి వెళ్తుంటే, ఐసీయూలో బెడ్ దగ్గరే డయాలసిస్ చేస్తారా అని ముందే అడగండి.

క్యాజువాలిటీలో మొదటి మాట ‘కిడ్నీ జబ్బు ఉంది’ అనే ఉండాలి. చివరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, వాడే మందులు, డయాలసిస్ షీటు చేతిలో పెట్టుకోండి. షీటులో ముఖ్యమైనది హెపారిన్ (డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎంత, ఎన్నింటికి ఇచ్చారన్నది. రెండు మూడు గంటల లోపే ఇచ్చి ఉంటే ప్రొటమిన్‌తో విరుగుడు చేయవచ్చు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. హడావుడిలో జరిగే తప్పు ఇదే.

మెదడులో రక్తస్రావమైన వాళ్లలో నూటికి నలభై మంది దాకా నెలలోపే పోతారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి బీపీ వల్ల మెదడులోని సన్నని నాళాలు పాడై ఉంటాయి. పైగా ఒంట్లో చేరిన మలినాల వల్ల రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవు. రిపోర్టులో రెండు లక్షలు కనబడుతుంది, ‘కౌంట్ బాగుంది కదా’ అనిపిస్తుంది. లెక్క బాగున్నా పని చేయవు. దానికి డాక్టర్లు వాటిని పని చేయించే డెస్మోప్రెసిన్ మందు ఆలోచిస్తారు: కిలోకు 0.3 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 18.

బీపీ తగ్గించడంలోనూ హద్దుంది. పై బీపీ 150 నుంచి 220 మధ్య ఉంటే 140కి తేవాలని, 130 నుంచి 150 మధ్య నిలపాలని 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. అంతకన్నా దించితే మెదడుకు లాభం లేదు, కిడ్నీకి నష్టం. 2016లో వచ్చిన అటాచ్-2 పరిశోధనలో అదే బయటపడింది.

మెదడు వాపుకు వాడే మానిటాల్ మూత్రంలో బయటికి పోవాలి. మూత్రమే రానివాళ్లలో అది రక్తంలోనే ఉండిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఫిట్స్‌కు ఇచ్చే లెవెటిరాసిటామ్ డోసు కిడ్నీ పనితీరును బట్టి తగ్గించకపోతే మనిషి మత్తుగా పడి ఉంటాడు. జబ్బు ముదిరిందని మనం భయపడతాం.

డయాలసిస్ మానిపించకూడదు, కానీ తీరు మారాలి. హెపారిన్ లేకుండా, నెమ్మదిగా, తక్కువసేపు, అవసరమైతే రోజూ. రక్తంలో యూరియా ఒక్కసారిగా దిగితే మెదడు కణాల్లోని యూరియా నీటిని లోపలికి లాగుతుంది, వాపు పెరుగుతుంది. ‘ఈరోజు హెపారిన్ లేకుండానే కదా?’ అని ప్రతిసారీ అడగండి. అడిగారని ఎవరూ ఏమీ అనుకోరు.

బతుకుతారా అని అడిగితే డాక్టర్లు స్పృహ స్థాయి, రక్తపు గడ్డ 30 మిల్లీలీటర్లు దాటిందా, రక్తం జఠరికల్లోకి (మెదడు లోపలి నీటి గదుల్లోకి) వెళ్లిందా, వెనుక మెదడులో ఉందా, వయసు 80 దాటిందా అని లెక్క వేస్తారు. ఈ స్కోరులో కిడ్నీకి గడి లేదు. దాన్ని విడిగా అడగండి. వైద్యం వద్దు, ఇంటికి తీసుకెళ్లిపోదాం అన్న నిర్ణయం మాత్రం రెండో రోజు పూర్తయ్యేదాకా ఆపండి.