ఈత రాదా? ఒడ్డునే ఉండండి: మ్యూనిక్ చుట్టుపక్కల వేసవి విహారాలకు జాగ్రత్తలు

మళ్లీ అదే వార్త. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లవాడు, ఎండ కాసిన ఒక శనివారం, సరస్సు, ఒడ్డున ఏడుస్తున్న స్నేహితులు, పైన తిరుగుతున్న హెలికాప్టర్. ఏటా ఊరి పేరు మారుతుంది, సరస్సు పేరు మారుతుంది, మిగతా వాక్యాలు మాత్రం మారవు. ఆ తర్వాత వారమంతా మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి వాట్సాప్ గ్రూపుల్లో చందాలు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎండాకాలమంటే సంబరంతో పాటు భయం కూడా పట్టుకునేది ఇందుకే.

ఎండ తగలకుండా క్రీము రాసుకోమనీ, నీళ్ల సీసా పెట్టుకోమనీ, టికెట్ లేకుండా రైలెక్కవద్దనీ నేను చెప్పను. టికెట్ లేకపోతే అరవై యూరోలు పోతాయి, అంతే. ప్రాణం పోయే సంగతి ఒకటుంది, అదే చెబుతాను.

ఈత రానివాళ్లు ఇక్కడి సరస్సుల్లోకి, నదుల్లోకి దిగవద్దు. మోకాళ్ల వరకే అని కూడా దిగవద్దు.

జర్మన్ ప్రాణరక్షక సంఘం డీఎల్‌ఆర్‌జీ లెక్క ప్రకారం 2024లో ఈ దేశంలో కనీసం 411 మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో అత్యధికులు పోయింది సముద్రంలో కాదు, నదుల్లో, సరస్సుల్లో. మగవాళ్లే ఎక్కువ. సరస్సులన్నిటికీ కాపలా ఉండదు. వాసర్‌వాఖ్ట్ అనే నీటి రక్షణ దళం స్వచ్ఛంద కార్యకర్తలు చాలాచోట్ల శని, ఆదివారాల్లోనే కనిపిస్తారు. మంగళవారం సాయంత్రం క్లాసు ఎగ్గొట్టి వెళ్లిన మీకు అక్కడ ఎవరూ ఉండరు.

సరస్సులు

ష్టార్న్‌బెర్గ్ సరస్సు, అమ్మర్ సరస్సు ఎస్-బాన్ (లోకల్ రైలు) ఎక్కితే వస్తాయి. కోఖెల్ వరకు రైల్లో, అక్కడినుంచి బస్సులో వెళితే వాల్హెన్ సరస్సు. గార్మిష్ దాటితే ఐబ్ సరస్సు. ఫొటోలో అన్నీ ఒకే రకంగా ఉంటాయి: పచ్చటి నీరు, వెనక కొండ, అడుగున రాయి కూడా కనిపించేంత స్వచ్ఛత. ఆ స్వచ్ఛతే మోసం. అడుగు కనిపిస్తోంది కాబట్టి నడుములోతే ఉంటుందని మన కన్ను చెబుతుంది. ష్టార్న్‌బెర్గ్ సరస్సు గరిష్ఠ లోతు సుమారు 127 మీటర్లు, వాల్హెన్ సరస్సుది దాదాపు 190. ష్టార్న్‌బెర్గ్ సరస్సు హిమానీనదం తొలిచిన గుంట. మన ఊరి చెరువులాగా మెల్లగా లోతు పెరగాలన్న నియమం వీటికి లేదు. ఒడ్డు నుంచి నాలుగడుగులు గులకరాళ్లు, ఐదో అడుగుకు ఏటవాలు. ఆ వాలులో గులకరాళ్లు కాలి కింద జారతాయి. వెనక్కి ఎక్కబోతే ఇంకా జారతాయి. మోకాళ్ల వరకే దిగినవాడు గొంతు వరకు వెళ్లేది ఇలాగే. అతను ఎక్కడికీ ఈదలేదు, ఏ సాహసమూ చేయలేదు, నిలబడ్డాడు అంతే.

ఇక చలి. జూన్ మొదట్లో గాలి 30 డిగ్రీలున్నా కొండ సరస్సు నీరు తరచూ 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. వేసవిలో గోరువెచ్చని కాలువ నీళ్లకు అలవాటుపడిన శరీరం అందులో పడగానే మన ప్రమేయం లేకుండా ఒక్కసారిగా పెద్ద ఊపిరి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే పీల్చేది నీళ్లనే. ఆ తర్వాత నిమిషం, రెండు నిమిషాలు ఎగశ్వాస ఆగదు, గుండె దడదడలాడుతుంది. ఇంకొద్దిసేపటికి చేతులు, కాళ్లు మాట వినడం మానేస్తాయి. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. బావిలో నేర్చుకున్న ఈత ఈత కాదని నేను అనను. కాకపోతే బావిలో చుట్టూ గోడ చేతికి అందుతుంది, ఇక్కడ అందదు. జర్మన్ పిల్లలు మొదట తెచ్చుకునే జేప్‌ఫేర్డ్‌షెన్ ఈత బిళ్లకు 25 మీటర్లు ఈదితే చాలు. దాన్ని నమ్ముకుని సరస్సులోకి దిగవద్దని ఈత నేర్పేవాళ్లే చెబుతారు. ఆ పై మెట్టు కంచు బిళ్లకు పావుగంట ఆగకుండా కనీసం 200 మీటర్లు ఈదాలి. అది చేయగలరా? అయితే ఒడ్డు వెంబడి, ఇంకొకరు తోడుండగా ఈదండి. చేయలేరా? మీరు ఈత రానివాళ్లే.

నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట కట్టించిన రెండో లుడ్విగ్ రాజు 1886 జూన్ 13న చనిపోయింది ష్టార్న్‌బెర్గ్ సరస్సులోనే. వెంట ఉన్న వైద్యుడూ పోయాడు. రాజుకు మంచి ఈతగాడని పేరు. శవం దొరికింది ఒడ్డుకు దగ్గర్లో, లోతు లేని నీళ్లలో. అది ఎలా జరిగిందన్న వాదన నేటికీ తెగలేదు, తెగేలా కూడా లేదు. బెర్గ్ దగ్గర ఆయన గుర్తుగా నీళ్లలో నిలబెట్టిన శిలువతో ఫొటో దిగాలంటే గట్టు మీద నుంచే దిగండి.

ఈజార్ నది, ఐస్‌బాఖ్

ఈజార్ ఊరి మధ్యలోనే పారుతుంది కాబట్టి దానికి ఎవరూ భయపడరు. ఫ్లౌఖర్ అనే ఒడ్డు దగ్గర వేలమంది కూర్చుని బీరు తాగుతుంటారు, పిల్లలు నీళ్లలో ఆడుతుంటారు. కానీ ఇది ఆల్ప్స్ నుంచి దిగివచ్చే నది. మ్యూనిక్‌లో ఎండ ఫెళ్లున కాస్తున్నప్పుడు కొండల్లో పిడుగులతో వాన కురిసి ఉండవచ్చు. నీటి రంగు మట్టిగా మారినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి, సామాను తర్వాత.

నదికి అడ్డంగా అక్కడక్కడా తక్కువ ఎత్తు ఆనకట్టలుంటాయి. చూడటానికి జలపాతంలా ముచ్చటగా ఉంటాయి. పైనుంచి పడిన నీరు కింద సుడి తిరిగి మళ్లీ ఆనకట్ట వైపే వస్తుంది. అందులో చిక్కిన మనిషిని కవ్వం కింద మజ్జిగలా తిప్పుతుంది. తెల్లటి నురుగులో గాలి ఎక్కువ, అది మనిషిని తేల్చదు. ఎంతటి ఈతగాడికైనా అక్కడ బయటపడే దారి దాదాపు లేదు. ఆనకట్టకు ఎగువన దిగవద్దు, దిగువన దిగవద్దు, దాని మీద నడవవద్దు.

మ్యూనిక్‌లోని ఇంగ్లిష్ గార్డెన్ పార్కులో పారే ఐస్‌బాఖ్ కాలువలో స్నానం నిషిద్ధం. అయినా ఎండాకాలంలో జనం అందులో తేలుతూ దిగువకు పోయి, తడి బట్టలతో ట్రామ్ ఎక్కి తిరిగి వస్తారు. వాళ్లను చూసి మనవాళ్లూ దూకుతారు. వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లలో పెరిగినవాళ్లు, ఎక్కడ ఏ గట్టు పట్టుకుని ఎక్కాలో చేతికే తెలుసు. 2025 ఏప్రిల్‌లో అక్కడి అల మీద సర్ఫింగ్ చేస్తున్న ఒక మహిళ, అనుభవం ఉన్న మనిషే, కాలికి కట్టుకున్న తాడు అడుగున చిక్కుకోవడంతో నీటి కింద ఉండిపోయారు. కొన్ని రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశారు. అనుభవం ఉన్నవాళ్ల గతే అది. ఈత రాని మీకు అందులో ఏం పని?

దూకి రక్షించడం

ఒకరు మునిగితే వార్త ఒక పేరుతో రావాలి. మన వార్తలు రెండు, మూడు పేర్లతో వస్తాయి. కారణం స్నేహం. మొదటివాడు జారతాడు, రెండోవాడు చేయి అందిస్తాడు, మూడోవాడు దూకుతాడు. ముగ్గురికీ ఈత రాదు. కొన్నేళ్ల కిందట ఐబ్ సరస్సులో పెడల్ బోటు మీద నుంచి ఆరేళ్ల పిల్లవాడు నీళ్లలో పడ్డాడు, తండ్రి వెంటనే దూకాడు. ఇద్దరూ పోయారు. ఆ తండ్రిని తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. అందుకే చెబుతున్నాను, ఆ క్షణంలో ఆలోచన రాదు, బోటు ఎక్కకముందే లైఫ్ జాకెట్ అడగాలి. బోటు అద్దెకిచ్చేవాళ్లు తమంతట తాము ఇవ్వకపోవచ్చు. నవ్వినా అడగండి, లేదంటే బోటు మానుకోండి.

మునిగేవాడు సినిమాలోలాగా చేతులూపి అరవడు. అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చప్పుడు లేకుండా పోతాడు. పది గజాల అవతల ఫొటో తీస్తున్న స్నేహితుడికి అతను ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు.

అప్పుడు చేయాల్సింది: అత్యవసర నంబరు 112కు ఫోను. ఒకరు ఫోను, ఒకరు చూపు. చూపు పెట్టినవాళ్లు ఆ మనిషి మునిగిన చోటు నుంచి కళ్లు తిప్పకూడదు, వేలితో చూపిస్తూనే ఉండాలి. ఒడ్డున స్తంభానికి ఎర్రని, తెల్లని రక్షణ వలయం ఉంటే విసరండి. లేకపోతే మూత బిగించిన ఖాళీ సీసాలు, కూలర్ పెట్టె, బంతి, ఏది తేలితే అది. చున్నీ, బెల్టు, చెట్టుకొమ్మ అందిస్తే గట్టు మీద బోర్లా పడుకుని అందించండి. నిలబడి అందిస్తే మీరూ లోపలికే. దూకవద్దు.

కొండల సంగతి క్లుప్తంగా: జూన్‌లో కూడా పైన నీడపట్టున మంచు ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు వస్తాయి, చెప్పులతో ఎక్కవద్దు, చివరి రోప్‌వే ఎన్నింటికో ఎక్కేముందే చూసుకోండి. మిగతాది కొండలు తెలిసినవాళ్లను అడగండి, నా భయం నీళ్లది.

మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో:

- బయర్న్ టికెట్ (గుంపుగా వెళ్లే రైలు టికెట్) మీద ఐదుగురు వెళుతున్నారంటే ఐదుగురిలో ఎవరికి ఈత వచ్చో రైల్లోనే అడగండి. సిగ్గుపడి అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారు. కంచు బిళ్ల లెక్కతో అడగండి.
- బీరు తాగినవాళ్లు దిగవద్దు. ఒక్క గ్లాసే అన్నవాళ్లు కూడా.
- ఎండలో గంటసేపు పడుకుని లేచి ఒక్కసారిగా దూకవద్దు. చేతులు, ముఖం, ఛాతీ తడుపుకుని మెల్లగా. ఇది ఈత వచ్చినవాళ్లకు. రానివాళ్లు కాళ్లు కూడా తడుపుకోవద్దు.
- గాలి పరుపులు, గాలి బాతులు ప్రాణరక్షణ సాధనాలు కావు. గాలి ఒడ్డు నుంచి వీస్తే నిమిషాల్లో నడిమధ్యకు తీసుకుపోతాయి.
- క్యోనిగ్ సరస్సు పైన కొండ అంచున ఉన్న సహజ కొలను ఫొటోలు మీకూ వచ్చి ఉంటాయి. 2019లో అక్కడ ఇద్దరు యువకులు మునిగిపోయారు. 2021లో జాతీయ ఉద్యానం వాళ్లు ఆ చోటును ఐదేళ్లపాటు మూసేశారు, దాటితే 25,000 యూరోల వరకు జరిమానా. గడువు తీరినా తీరకపోయినా ఆ నునుపు రాళ్లు, ఆ ప్రవాహం అలాగే ఉంటాయి. వెళ్లవద్దు.
- "బాడెన్ ఫెర్‌బోటెన్" (స్నానం నిషిద్ధం), "లేబెన్స్‌గెఫార్" (ప్రాణాపాయం) అని బోర్డు ఉంటే చర్చ లేదు.
- బోర్డు లేదంటే అనుమతి అని కాదు.
- ఎర్ర పసుపు జెండా ఉంటే కాపలా ఉన్నట్టు. ఒంటి ఎరుపు జెండా ఉంటే ఎవరూ దిగకూడదు.
- వేసవికి వచ్చిన అమ్మానాన్నలను "పాదాలు తడుపుకోండి" అని గట్టు దించవద్దు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ చలి ఒక్కటే చాలు. పాచి పట్టిన రాయి మీద చీర తడిసిన కాలు నిలవదు.
- పిల్లలు మీరు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఫోను జేబులో.
- రీల్ తీయడానికి నీళ్లలో వెనక్కి నడవవద్దు.
- చీకటి పడ్డాక ఎవరూ దిగవద్దు. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, దాన్ని చూసి పొద్దు ఉందనుకోవద్దు.
- మీకు ఈత రాదు, మిగతా నలుగురూ దిగారు, పిలుస్తున్నారు. దిగవద్దు.
- వెటకారం చేశారు. దిగవద్దు.
- మోకాళ్ల వరకే అన్నారు. దిగవద్దు.
- నీళ్లలో ఆడాలన్న కోరిక ఉంటే ఊళ్లో ఫ్రైబాడ్‌లు, అంటే ఆరుబయటి ఈత కొలనులు, ఉన్నాయి. ఈత రానివాళ్ల కొలను అని విడిగా ఉంటుంది, లోతు 1.35 మీటర్లు మించదు, కాపలాదారు ఉంటాడు.
- పెద్దవాళ్లకు ఈత నేర్పే తరగతులు పెద్దలకు చదువు చెప్పే మ్యూనిక్ ఫోల్క్స్‌హోహ్‌షూలేలో, ఊరి కొలనుల్లో ఉంటాయి. తొందరగా నిండిపోతాయి. వేసవి అయ్యాక చూద్దామనుకోకుండా పేరు ఈ వారమే ఇవ్వండి.