సునాబెడలో మొదటి చలికాలం: ఒళ్లు పగలకుండా ఇంట్లో చేసుకునే మైనపు పూత

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటేనే చెవులు దిబ్బడ వేస్తాయి. పొట్టంగి వచ్చేసరికి బస్సు కిటికీలన్నీ మూతపడతాయి. విమాన ఇంజన్లు చేసే హెచ్ఏఎల్ ఉద్యోగం మీద ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడకో, అల్యూమినియం సంస్థ నాల్కో పని మీద దామన్‌జోడికో మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు రగ్గులు, స్వెట్టర్లు మర్చిపోకుండా తెచ్చుకుంటారు. ఒంటికి ఏం రాసుకోవాలన్న ఆలోచన మాత్రం డిసెంబరులో పిల్లల బుగ్గలు చిట్లాకే వస్తుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు కనిపించినా దీపావళి వెళ్లగానే ఈ పూత చేసి పెట్టుకోమని చెబుతుంటాను.

మన తీరంలో చలికాలమైనా గాలిలో చెమ్మ ఉంటుంది. సముద్రం పక్కనే కదా. ఇక్కడ దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాం. గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. ఆ గాలి చర్మంలోని నీటిని లాగేస్తుంది. చలికి తట్టుకోలేక మనం సలసల కాగిన నీళ్లు పోసుకుంటాం, గట్టిగా సబ్బు రుద్దుతాం. చర్మం తనకు తానుగా పట్టి ఉంచుకున్న కాస్త జిడ్డూ దాంతో పోతుంది. సాయంత్రానికి కాళ్లు బూడిద పూసినట్టు తెల్లబడతాయి, రాత్రికి దురద మొదలవుతుంది.

మా పాపకు మొదటి ఏడాది బుగ్గలు పగిలితే నేను నిమ్మరసం, గ్లిజరిన్ కలిపి రాశాను. ఊళ్లో అందరూ చేసేదే. చిట్లిన చర్మం మీద నిమ్మరసం పడేసరికి పిల్ల గిలగిల్లాడిపోయింది. ఆ ఏడుపు విని పక్కింటి ఒడియా మావుసీ వచ్చింది. పిల్ల ముఖం గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తుడవకుండానే, ఆ తడి మీదే రెండు చుక్కల నూనె అద్దింది. అంతే. రెండో రోజుకే తేడా తెలిసింది. నూనె ఒంటికి నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పోకుండా పట్టి ఉంచుతుంది. ఎండిపోయిన చర్మం మీద గంట తర్వాత ఎంత పూసినా పైపైన జిడ్డుగా ఉంటుందే తప్ప లోపలి పొడిదనం తగ్గదు. కాబట్టి పూత ఏదైనా సరే, స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రెండు మూడు నిమిషాల్లో రాసేయాలి. నీళ్లు గోరువెచ్చగా చాలు. సబ్బు చంకలకీ, పాదాలకీ సరిపెట్టి మిగతా ఒంటికి పెసరపిండి వాడండి. ఆదివారాలు నువ్వుల నూనె పట్టించి నలుగు పెట్టుకుంటే మరీ మంచిది.

ఇక పూత సంగతి. కావలసినవి రెండే, నూనె, తేనెమైనం.

మైనం కోసం సంతకు వెళ్లాలి. కుందులి సంతలో గానీ, మీ దగ్గర్లో వారానికోసారి జరిగే ఏ సంతలో గానీ తేనె అమ్మే ఆదివాసీ ఆడవాళ్లను అడగండి. ఒడియాలో తేనె అంటే ‘మహు’, మైనం అంటే ‘మహమ’. తేనె పిండేసిన తుట్టెను కరిగించి ఉండలు చేసి తెస్తారు. గోధుమ రంగులో, కాస్త పొగ వాసనతో ఉంటుంది. తెల్లగా, ఏ వాసనా లేకుండా మెరిసేది కొవ్వొత్తుల మైనం కావచ్చు, అది వద్దు. బేరం గట్టిగా ఆడకండి. ఆ ఉండ వెనక ఎంత చెట్టెక్కుడు, ఎన్ని తేనెటీగల కుట్లు ఉన్నాయో వాళ్లకే తెలుసు.

నూనెలో మన అలవాటు కొబ్బరినూనె, ఇక్కడ ‘నడియా తేల్’. అయితే కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడుతుంది. ఇక్కడ చలికాలంలో రాత్రిళ్లు పది లోపుకు దిగుతాయి కాబట్టి, ఒక్క కొబ్బరినూనెతో చేస్తే పూత రాయిలా తయారవుతుంది. అందుకని సగానికి పైగా నువ్వుల నూనె పోయాలి, అంటే ‘రాసి తేల్’. సునాబెడ దుకాణాల్లో ఆవనూనే ముందు కనిపిస్తుంది. నువ్వుల నూనె దొరక్కపోతే జయపురం వెళ్లినప్పుడు తెచ్చుకోండి. అక్కడి బజారులో తెలుగులోనే అడగొచ్చు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనిదే కదా, మన మాట ఇక్కడ కొత్తది కాదు.

పచ్చగా పూసే వలిసెల నూనె కూడా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త, ఇక్కడ వలిసెలనే ‘అలసి’ అంటారు. హిందీవాళ్లు అదే మాటతో అవిసెల్ని పిలుస్తారు. గింజ చూసి కొనండి. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంటే వలిసెలు. చదునుగా, గోధుమరంగులో మెరుస్తుంటే అవిసెలు. ఇప్పగింజల నూనెను ‘టోల తేల్’ అంటారు. చలికి వెన్నలా పేరుకుంటుంది. వాసన ఘాటే, కానీ మడమల పగుళ్లకు నాకు అదే నచ్చింది.

సంతలో తెచ్చిన మైనాన్ని ముందు శుభ్రం చేయాలి. పాత గిన్నెలో నీళ్లు పోసి మైనం వేసి, సన్నని సెగ మీద కరగనివ్వండి. పాత నూలుబట్టలో వడకట్టి కదపకుండా వదిలేస్తే, చల్లారాక మైనం పైన బిళ్లలా తేలుతుంది. అడుగున అంటిన మురికిని చాకుతో గీకేసి, బిళ్లను ఒకరోజు పూర్తిగా ఆరబెట్టండి. లోపల నీటిచుక్క మిగలకూడదు.

తర్వాత నువ్వుల నూనె 60 గ్రాములు, కొబ్బరినూనె 40 గ్రాములు, తురిమిన మైనం 15 గ్రాములు ఒక స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టండి. నేరుగా పొయ్యి మీద పెడితే నూనె మాడుతుంది, మైనానికి మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి నీళ్లు మరగనక్కర్లేదు. అంతా కలిసి తేటగా అయ్యాక చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి చూడండి. వేలితో నొక్కితే నెయ్యిలా జారాలి. గట్టిగా ఉంటే ఇంకో చెంచా నూనె, మరీ పల్చనైతే చిటికెడు మైనం వేయండి. దించాక విటమిన్ ఇ గుళిక ఒకటి చిదిమి కలిపితే నూనె త్వరగా సిక్కు వాసన పట్టదు. బాగా ఆరిన వెడల్పు మూతి డబ్బాలోకి పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడి మీద మూస్తే మూతకు పట్టిన ఆవిరి లోపలికే కారుతుంది.

ఈ డబ్బాలో కలబంద గుజ్జు, గులాబీ నీరు, పాలమీగడ, తేనె వేయాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి వేయకండి. నీటి చెమ్మ లేనంతకాలం ఇందులో బూజు పట్టదు. నీరు చేరిందంటే వారం తిరక్కుండానే పాడవుతుంది, పైకి కనిపించకముందే లోపల క్రిములు పెరుగుతాయి. నేనూ ఒకసారి కలబంద కలిపి, నల్ల మచ్చలు తేలిన డబ్బాను మొత్తం పారబోశాను. కలబంద కావాలంటే అప్పటికప్పుడు కోసి ముందు ముఖానికి రాసి, దాని మీద ఈ పూత రాయండి. తడిచేతులతో డబ్బాలో వేలు పెట్టొద్దు, చిన్న చెంచా ఉంచుకోండి.

మన ఇళ్లలో జలుబు చేసిన పిల్లలకు కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాసే అలవాటు ఉంది. చిన్నపిల్లలకు కర్పూరం విషంతో సమానం, ఒంట్లోకి చేరితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. ఈ పూతలో అస్సలు కలపకండి. అలాగే ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆవనూనెతో మర్దన చేయమని ఇరుగుపొరుగు ప్రేమగానే చెబుతారు. ఆ లేతచర్మానికి అది మంట పుట్టించవచ్చు. కొబ్బరినూనె మేలు.

ఎవరికైనా మొదటిసారి మోచేతి మడతలో కొంచెం రాసి ఒకరోజు ఆగి చూడండి. మొటిమలు వచ్చే వయసు పిల్లలు ముఖానికి కొబ్బరినూనె లేకుండా చేసింది వాడితే మంచిది. మడమలకు రాత్రి మందంగా పట్టించి నూలు మేజోళ్లు తొడుక్కోండి. మధుమేహం ఉన్నవాళ్ల కాళ్లు పగిలి రక్తం వస్తే ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు. రాత్రిళ్లు వేళ్ల సందుల్లో దురద, ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే అది గజ్జి కావచ్చు, ఏ పూతతోనూ పోదు. కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, చూపించుకోండి. ఇంకొకటి, కుంపటి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకోకండి. చర్మం ఎండటం అటుంచి, ఆ పొగలోని విషవాయువు ప్రాణానికే ముప్పు.

మార్చికి ఎండ ముదిరి పూత జారుగా అయితే మళ్లీ కరిగించి ఇంకో 5 గ్రాముల మైనం కలుపుకోండి. సిక్కు వాసన వస్తే ఒంటికి వద్దు. మా ఇంట్లో అలాంటిది తోలు చెప్పులకీ తలుపు గడియలకీ పోతుంది.