నాగార్జునకొండకు పిల్లలతో వెళ్తున్నారా?

కొండ నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఉంది, లాంచీలోనే వెళ్లాలి. శుక్రవారం మాత్రం వెళ్లవద్దు. ఆ రోజు కొండమీది మ్యూజియానికి సెలవు. ముందురోజే లాంచీ స్టేషనుకు ఫోను చేసి, మర్నాడు లాంచీ ఉందో లేదో, మొదటిది ఎన్నింటికో అడగండి. గాలి హెచ్చినా, సాగర్‌లో నీళ్లు బాగా తగ్గినా ఆపేస్తారు. ఒక ఏడు అడగకుండానే హాలియా నుంచి మా తరగతి పిల్లలు 38 మందిని తీసుకెళ్లాను. లాంచీ లేదన్నారు. ఒడ్డునే పులిహోర తిని ఇంటికి వచ్చాం. ఆ పిల్లల మొహాలు నేను మరచిపోలేదు.

వానాకాలం చివర్లో పేపర్లో సాగర్ నీటిమట్టం చూస్తూ ఉండండి. 590 అడుగులంటే నిండుకుండ. వెళ్లడానికి అదే మంచి సమయం, ఎండా తగ్గుతుంది. మొదటి లాంచీకే ఎక్కండి. లైఫ్ జాకెట్ ప్రతి పిల్లవాడికీ తొడిగి, తాళ్లు మీ చేత్తో బిగించండి. దాదాపు గంట ప్రయాణం. పుట్టిలో వలలు లాగే జాలరులను, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులను చూపించండి. మీరు దాటుతున్న నీళ్ల కిందే ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉందని కూడా అప్పుడే చెప్పండి. డ్యాం కడితే లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి, ఈ కొండమీదికి తెచ్చి మళ్లీ పేర్చారు.

దిగగానే అందరూ మ్యూజియానికి పరుగెత్తుతారు. మీరు ముందు బయట తిరగండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్నానఘట్టం. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న రాతిమెట్లు, ఇప్పుడు కొండమీద పొడిగా ఉన్నాయి. కిందటిసారి ఒక పాప చివరి మెట్టు మీద కూర్చుని, నీళ్లలో ముంచినట్టు కాళ్లు ఆడించింది. "టీచర్, ఇక్కడిదాకా వచ్చేవా నీళ్లు?" అంది. ఆ మెట్ల దగ్గర పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం దగ్గర చాంతిసిరి పేరు చెప్పండి. దాన్ని కట్టించింది ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీ అని తెలిస్తే ఆడపిల్లలు చెవులు రిక్కించి వింటారు.

మ్యూజియానికి అరగంట మిగిలితే చాలు. తిరుగు లాంచీ సమయం దిగేటప్పుడే డ్రైవరును అడిగి, ఇద్దరు పెద్దపిల్లల చేతిమీద పెన్నుతో రాయించండి. తాగునీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లండి, ఖాళీ సీసాలు లెక్కపెట్టి వెనక్కి తెండి.